చావని వేషం

మా ఆయన సినిమాల్లో చావడానికే పుట్టాడు. హీరో తుపాకీ ఎత్తితే ముందు కూలేది ఆయనే, మేడ మీంచి దొర్లేదీ ఆయనే. ఇంటికొచ్చి నాచేత నడుముకి కాపడం పెట్టించుకునేటప్పుడు మాత్రం మహారాజు దర్జా. మా అమ్మాయికి ఈ చావులంటే గిట్టదు. తెరమీద నాన్న పడిపోగానే పక్క సీట్లోని అసలు నాన్న చెయ్యి గట్టిగా పట్టేసుకుంటుంది. చావని వేషం ఒక్కటైనా వెయ్యమని రోజూ ప్రాణం తీసేది.

చివరికి ఉరిశిక్ష మీద తీస్తున్న సినిమాలో తలారి వేషం దొరికింది. చావు లేదు సరికదా, మాటలు కూడా ఉన్నాయి. పనల్లా మీట లాగడమే. ఖైదీగా వేసినతను కింద పరుపు మీద పడి, లేచి టీ తాగుతాడు. ఇంతకంటే సుఖమైన వేషం ఉంటుందా అని నేనూ మురిసిపోయాను.

షూటింగ్ అయ్యాక ఈయనకి కొత్త జబ్బు పట్టుకుంది. పొద్దున్నే ఆ ఖైదీ నటుడికి ఫోన్ చేసి, తిన్నావా, మెడ బాగుందా అని ఆరా. ఉత్తుత్తి మీటకి ఇంత రాద్ధాంతమేమిటని విసుక్కున్నాను.

"అతను ఉత్తుత్తిగా పడ్డాడే. నేను మాత్రం నిజంగానే లాగాను," అన్నాడు.



సినిమా విడుదలయ్యాక ముగ్గురం వెళ్ళాం. మా నాన్న ఇందులో చావడని అమ్మాయి ముందు వరస వాళ్ళందరికీ చాటింపు వేసింది. తెరమీద ఆయన మీట లాగాడు. అలవాటుగా నాన్న చెయ్యి అందుకోబోయిన అమ్మాయి, తన చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది. ఆయన చెయ్యి సినిమా అయ్యేదాకా అక్కడే ఉండిపోయింది.

ఇంటికొచ్చినా అది నాన్న దగ్గరికి పోలేదు. ఆదివారం ఆయన ఆ నటుణ్ణి భోజనానికి పిలుచుకొచ్చాడు. అతను మొహమాటం లేకుండా మూడుసార్లు వడ్డించుకున్నాడు. అమ్మాయి అతని మెడ ముందూ వెనకా పరీక్షగా చూసి, నెమ్మదిగా వచ్చి నాన్న చెయ్యి పట్టుకుంది.

"ఇంక ఈ వేషం వద్దు నాన్నా. నువ్వే చచ్చిపో. నువ్వైతే ఇంటికొచ్చేస్తావుగా."

ఆయన సరేనని తలూపాడు. నేను కాపడం గుడ్డ వెతకడానికి లేచాను.