ఎవరి ఎడమ

మా బావ చేతిలో పడ్డ వస్తువేదీ నల్లటేపు చుట్టించుకోకుండా బయటపడదు. కళ్ళజోడుకు టేపు, గొడుగుకు టేపు, చివరికి వంటింటి గరిటెకూ టేపే. ఆ జిగురుకు దుమ్మూ వెంట్రుకలూ అంటుకుని ఉంటాయి. చూస్తేనే నాకు అసహ్యం.

ఆ ఆదివారం పొద్దున అక్క గదిలో ఆమెకు కొత్త కంప్యూటరు బిగిస్తున్నాను. అక్క చెవిటిపిల్లల బడి కోసం సైగల బొమ్మలు గీస్తుంది. మూడేళ్ళ బొమ్మలన్నీ ఒకే ఒక్క పాత డిస్కులో ఉన్నాయి. కొత్తది పని మొదలుపెట్టగానే రెండో ప్రతి తీసిపెడతానని మాటిచ్చింది నేనే. తీరా చూస్తే, కొత్త కంప్యూటరు లోపలి కరెంటుపెట్టె నుంచి ఆ డిస్కుకు వెళ్ళే తీగ జానెడు తక్కువైంది.

బావ ఏ మూల నుంచో ఒక పాత తీగ లాక్కొచ్చాడు. దాని నడుముకూ టేపే.

"ఇదిగో బావమరిదీ, సరిగ్గా పట్టింది చూడు!"

"పట్టిందల్లా పనికొస్తుందా బావా? చెప్పులు పట్టాయని ఎవరివో తొడుక్కుపోతామా? ఇది వేరే కంపెనీది, లోపలి తీగల వరుస వేరే. డిస్కు మాడిపోతుంది. ఛీ, అవతల పారేయండి!"

కొత్త తీగ నేనే చేయడానికి కూర్చున్నాను. కొలిచి కత్తిరించి, చివరలకు పిన్నులు నొక్కాను.

"కరెంటుపెట్టె కాగితంలో బొమ్మ ఉంటుంది, చూసి వరుస చెప్పండి బావా. నోటితో చెబితే చాలు, చెయ్యి పెట్టొద్దు."

"ఎడమ చివర పన్నెండు వోల్టులు. నడుమ ఎర్త్. కుడి చివర అయిదు."

పెట్టెలో దూరే ప్లగ్గు మూతిని నా మొహం వైపు తిప్పి పట్టుకుని, ఆ వరుసలోనే పిన్నులు దూర్చాను. 

"ఒక్కసారి మీటరు పెట్టి వోల్టులు చూడరాదూ? పోయేదేముంది?" అన్నాడు బావ.

"నా పనికి మీరు పరీక్ష పెడతారా?" అన్నాను, ఆయన వేళ్ళ మీది జిగురు మరకలు చూస్తూ.

స్విచ్చి వేశాను. టప్పుమంది. మాడిన ప్లాస్టిక్కు వాసన గుప్పున కొట్టింది. డిస్కు అడుగున పచ్చటి పలక మీద నల్లగా గుంట పడింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు లాక్కున్నాను కాగితం. బొమ్మలో ఉన్నది ప్లగ్గు కాదు, ప్లగ్గు దూరే పెట్టె రంధ్రాలు. ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరిలో ఒకరి ఎడమ ఇంకొకరికి కుడి. అయిదు వోల్టులు వెళ్ళాల్సిన దారిలోకి పన్నెండు పంపాను. బావ ఉన్నది ఉన్నట్టే చదివాడు. ఎవరి ఎడమ అని అడగాల్సింది నేను.

అక్క ముక్కు మూసుకుని వచ్చింది. డిస్కును చూసింది. నా వైపు చూడనైనా చూడకుండా బావ మీద విరుచుకుపడింది.

"మీరేనా? వాడు చేస్తుంటే వేలు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాను! మూడేళ్ళ పనండీ! రేపు ఆ పిల్లలకు ఏం చూపించను?" అంటూ నేల మీద కూలబడింది.

బావ నా వైపు ఒక్కసారి చూశాడు. తర్వాత తల దించుకుని, "పొరపాటైంది," అన్నాడు.

ఆ మాట అనాల్సిన నోరు నాది. ఆ నోటి నుంచి వచ్చింది మాత్రం వేరే మాట. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే డోకొస్తుంది.

"పోనీలే అక్కా, బావ తెలియక చేశారు."