ఇవాళ్టి నూలు

పోయిన శనివారం పొద్దున నేను టిఫిన్ డబ్బా సర్దుకుంటుంటే మా ఆయన ఉమాకాంత్ కొత్త తాళం తెచ్చి గట్టు మీద పెట్టాడు. పనికి పోయేటప్పుడు బయట నుంచి వేసి పొమ్మన్నాడు. లోపల ఉండేది ఆయన తల్లే.

మా అత్తమ్మ లింగమ్మకు మతిమరుపు జబ్బొచ్చి రెండేళ్లు. నలభై ఏళ్లు మా కొత్తవాడ మగ్గాలకు రాట్నం మీద నూలు కండెలు చుట్టిన చేతులు ఆమెవి. నేసిన మామయ్య నేతగాడయ్యాడు. చుట్టిన ఆమెను మాత్రం "ఊకె కూసోబుద్ధి గాక చుడతాంది" అన్నారు. ఇప్పటికీ తొమ్మిదయితే చాలు, సంచీ పట్టుకుని నూలు కోసం చేనేత సొసైటీకి బయలుదేరుతుంది. అది మూతపడి ఆరేళ్లయింది, అక్కడ టైర్ల దుకాణం వచ్చింది. ఆ సంగతి ఎవరు చెప్పినా ఆమెకు అప్పుడే తెలిసినట్టు ఏడ్చి, దిక్కుతోచక ఎటో నడుస్తుంది. అంతకు ముందు వారం స్టేషన్లో డోర్నకల్ బండి ఎక్కబోతుంటే దొరికింది. అందుకే ఆ తాళం. అది ఇష్టం లేకపోతే హనుమకొండ కాలేజీలో నా గుమాస్తా పని మానుకోవాలట. ఆయన సెల్‌ఫోన్ల దుకాణం మా వీధి మొదట్లోనే ఉంది. దాన్ని ఒక పూట మూసే మాట మాత్రం ఎవరి నోటా రాలేదు.

"నలుగురికి తెలిస్తే ఇజ్జత్ పోతది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. తల్లి తప్పిపోతే పోని ఇజ్జత్, వెతకమని నలుగురిని అడిగితే పోతుందా?

దవాఖానలో నర్సు ఒకామె నాతో అన్న మాట గుర్తొచ్చింది, మీ అత్త పనిని వెతుక్కుంటుందమ్మా అని. సొసైటీ మూతపడిందని రెండేళ్లుగా రోజూ చెప్పి ఏడిపించిన వాళ్లలో నేనూ ఉన్నాను. మర్నాడు ఆదివారం సిగ్గు విడిచి వాడకట్టంతా తిరిగాను. టైర్ల దుకాణం యాకయ్యకు, ఆటో సారయ్యకు, కిరాణం చిలుకమ్మక్కకు జబ్బు సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. జంపఖానాలు నేసే బాలరాజు దగ్గర నూలు తెచ్చి యాకయ్య చేతిలో పెట్టాను. టైర్ల నడుమ నూలేందని నవ్వాడు గానీ తీసుకున్నాడు.

సోమవారం అత్తమ్మ దుకాణం దగ్గరికి వెళ్లగానే యాకయ్య లేచి నిలబడ్డాడు. "లింగమ్మక్కా, ఇగో ఇయాల్టి నూలు."

ఆమె కట్టను చేత్తో ఎత్తి చూసి, తూకం తక్కువ వేశావని యాకయ్యను దులిపేసింది. ఏడవలేదు. తిన్నగా వెనక్కి వచ్చి, చిలుకమ్మక్క అరుగు మీద మేం పెట్టిన రాట్నం ముందు కూర్చుంది. కండెలు సాయంత్రం బాలరాజు మగ్గానికి పోయాయి. ఉత్తుత్తి పని అయితే ఆమె ఇట్టే పసిగట్టేది.

ఆమె పక్కన కూర్చోవడానికి రోజుకొకరం వంతులు రాసుకున్నాం. ఆదివారం నాది. బుధవారం దగ్గర ఎవరినీ అడక్కుండానే ఉమాకాంత్ అని రాశాను.

ఇవాళ బుధవారం. షాపు బందు పెట్టాలా అని ఆయన గయ్యిమన్నాడు, నన్నే లీవు పెట్టమన్నాడు. "ఇయాల మీ వంతు" అని, ఇంకా గట్టు మీదే ఉన్న ఆ తాళాన్ని నా బ్యాగులో వేసుకుని బస్సెక్కాను.

ములుగు రోడ్డు దాటకముందే ఫోన్. ఆయన గొంతు సన్నగా ఉంది.

"అమ్మ నన్ను నువ్వెవలవు అంటాంది నవతా. ఏం చెప్పాలె?"

జాలేసింది. రెండేళ్లుగా ఆ ప్రశ్నకు రోజూ జవాబు చెప్పింది నేనే.

"ఏం చెప్పకుండ్రి. పక్కన కూసోని కండెలు చుట్టుడు నేర్పుమని అడుగుండ్రి. ఆ పని ఆమె మర్చిపోలే. మీరే ఎన్నడు నేర్సుకోలే."