నలభై అయిదు మైళ్ళ దగ్గర

హరనాథబాబు ఆ మాట అన్నది అన్నం తింటూ, మజ్జిగలో ఉప్పు కలుపుకుంటూ.

"నువ్వు పక్కన లేకపోతే బండి వణికిపోతోంది, రాజ్యం."

రాజ్యం అప్పుడే గరిటెతో మజ్జిగ పోస్తోంది. పెళ్ళయి ఏడు వారాలు. ఇన్నాళ్ళలో ఆయన నోట పంపుసెట్ల ధరలు, జుక్కల్ రోడ్డు గుంతలు తప్ప మరో ముచ్చట వినలేదు. అలాంటి మనిషి ఇంత మాటను ఇంత తాపీగా అనేసరికి ఏం చెయ్యాలో తోచక, తల వంచుకుని ఆయన కంచంలో మజ్జిగ పోస్తూనే ఉంది. అంచు దాటి చాప తడిసేదాకా ఇద్దరూ చూసుకోలేదు.

మర్నాడంతా ఆ ఒక్క మాటే ఆమెకు తోడు. తోడు అవసరమే మరి. బాన్సువాడ బస్టాండు వెనక గంగమణి ఇంట్లో రెండు గదుల వాటా వాళ్ళది. పంపుసెట్లు అమ్మడానికి పొద్దున్న ఎనిమిదింటికి వెళ్ళిన భర్త చీకటి పడ్డాక గానీ రాడు. గంగమణి పొద్దంతా తలెత్తకుండా బీడీలు చుట్టుకుంటుంది. వర్నిలో అత్తమామలు ఉన్నారు గానీ పొలం వదిలి రాలేరు. గుంటూరు హాస్టలు గదిలో ఆరుగురు అమ్మాయిల మధ్య, ఒకరి మాట ఒకరు పూర్తి కానివ్వని గోలలో బి.యస్సీ. ఫిజిక్సు చదివిన పిల్ల, ఇక్కడ పాలామెతో "అర్ధసేరు" అని ఒక్క మాట అంటే మళ్ళీ దీపాలు పెట్టేదాకా నోరు విప్పే పని లేదు. సామాన్లు కట్టి ఇచ్చిన పాత పేపరు ముక్కల్ని విప్పి, సాపు చేసి, పైకి చదువుకునేది. తన గొంతు తనకే వింతగా ఉండేది. ఒకరోజు కిరసనాయిలు స్టవ్వుతో "ఏమమ్మా, ఇవాళ అలిగావా" అనేసి, ఎవరైనా విన్నారేమోనని కిటికీ వైపు చూసింది.

ఆదివారం పొద్దున్న ఆ మాట అసలు సంగతి తేలిపోయింది.

హరనాథబాబు కారు సామాన్యమైంది కాదు. హైదరాబాదులో ఒక నవాబుగారి కుటుంబం షెడ్డులో ఇరవై ఏళ్ళుగా పడి ఉంటే తుక్కు ధరకు కొన్న ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, మడిచేసే గుడ్డ టాపు, నేలకు జానెడు ఎత్తు. బాన్సువాడ జనం దాన్ని చెప్పుబండి అనేవాళ్ళు. ఆ చెప్పుబండిలో ఇద్దరూ బోధన్ రోడ్డు మీది రేకుల షెడ్డుకు వెళ్ళారు. ట్రాక్టర్లు బాగుచేసే ఎల్లన్న చెవి మీద బీడీ పెట్టుకుని ఎదురొచ్చాడు.

"ఈమె పక్కన లేకపోతే బండి వణుకుతోంది, ఎల్లన్నా" అన్నాడు హరనాథబాబు, అవే మాటలు, అదే గొంతు.

ఎల్లన్న ఆయన్నీ రాజ్యాన్నీ మార్చి మార్చి చూశాడు. "లగ్గమైన కొత్తల అందరికి గట్లనే ఉంటది సార్. జర దినాలు పోనీ. అప్పుడు ఆమె పక్కన కూసుంటెనే వణుకు వస్తది."

"పరాచికాలు కాదయ్యా. వేగం నలభై అయిదు మైళ్ళు దాటగానే గేరు కర్ర నుంచి అద్దం దాకా ఒకటే అదురు. ఈమె కూర్చుంటే ఏమీ ఉండదు."

అయితే ఆ మాట కారు గురించేనన్నమాట. రాజ్యానికి ఎంత నవ్వు వచ్చిందంటే పమిట కొంగు నోట్లో కుక్కుకోవలసి వచ్చింది. ఆ నవ్వు అడుగున ఎక్కడో కాస్త చేదు కూడా ఉంది గానీ దాన్ని అప్పుడు పట్టించుకోలేదు.

ఆ రోజంతా పరీక్షలే. హరనాథబాబు ఒక్కడే నడిపితే అద్దంలో వెనకాల చెట్లు నీళ్ళలో నీడల్లా చెదిరిపోయాయి. రాజ్యం ఒళ్ళో నిండు గ్లాసు పెట్టుకుని కూర్చుంటే నీళ్ళు మీగడ కట్టినట్టు నిలిచాయి. ఒంటరిగా మళ్ళీ వేగం పట్టుకుని గేరు తీసేసి వదిలినా వణుకు పోలేదు. "అంటే ఇంజను కాదు" అన్నాడు ఎల్లన్న. ముందు చక్రాలు వెనక్కీ వెనక చక్రాలు ముందుకీ మార్చారు. చక్రాలూ కాదు. ఇక మిగిలింది ఇంజను నుంచి వెనక ఇరుసుకు తిరుగుడు అందించే పొడవాటి షాఫ్టు. దాని రెండు కొసల్లో మణికట్టులా వంగే క్రాసులు ఉంటాయి. వాటిని తీసి కొత్తవి బిగించాడు. సాయంత్రం చూస్తే వణుకు వణుకే.

"నాకు సమజైతలేదు సార్" అన్నాడు ఎల్లన్న చేతులు తుడుచుకుంటూ. "అందాక అమ్మను ఎక్కించుకోనే తిరుగుండ్రి. అమ్మకు గూడ పొద్దుపోతది."

ఆ మాట అన్నందుకు ఎల్లన్నకు పాదాభివందనం చెయ్యాలనిపించింది రాజ్యానికి.

సోమవారం నుంచి ఆమె బండికి అవసరమైన మనిషి అయింది. ఎనిమిదింటికల్లా జడ వేసుకుని, రెండు కారియర్లు కట్టుకుని తయారు. పెద్ద కొడప్‌గల్లో సాసరులో పోసుకుని తాగే టీ. గేదె వీపు మీద నిలబడి నిద్రపోయే కొంగ. జుక్కల్ దగ్గర సగం తెలుగు, సగం మరాఠీ కలిపి బేరమాడే ఆడవాళ్ళు. హరనాథబాబు రైతులతో పంపుసెట్ల సంగతి మాట్లాడుతుంటే ఆమె కారులోనే కూర్చుని జొన్నచేల మీద గాలి నడిచి వెళ్ళడం చూసేది. తిరిగి వచ్చేటప్పుడు చూసినవన్నీ ఆయనకు చెప్పేది. ఆయన "ఊఁ" అనేవాడు. ఆ ఊఁలు కూడా ఆమెకు బాగానే ఉండేవి. స్టవ్వు అదైనా అనదు కదా.

గురువారం జుక్కల్లో సీతాఫలాలు కొనడానికి దిగింది. బుట్టతో తిరిగి వస్తూ యథాలాపంగా వెనక చక్రం వైపు చూసింది. చక్రానికీ పైనున్న రేకుకీ మధ్య సందు ఎక్కువగా అనిపించింది. వేళ్ళు పెట్టి చూస్తే నాలుగున్నర పట్టాయి. ఎక్కి కూర్చుని, వెనక్కి వంగి మళ్ళీ పెట్టింది. మూడు.

అప్పుడు గుర్తొచ్చింది. పెళ్ళికి వారం ముందు, రోడ్డు గుంతలకు కారు అడుగు తగులుతోందని, ఎల్లన్న చేత వెనక ఇరుసు మీద బండిని మోసే కమానుల్లో జీపు పట్టీలు ఒక్కొక్కటి అదనంగా వేయించానని హరనాథబాబు గొప్పగా చెప్పాడు. పట్టీలు పడ్డాక వెనకభాగం లేచింది. లేచేసరికి ఇరుసులో షాఫ్టు వచ్చి తగిలే మూతి పైకి తిరిగింది. షాఫ్టు ముందు కొస ఎంత వంగుతుందో వెనక కొసా అంతే వంగాలి. లేకపోతే తిరిగిన ప్రతి చుట్టుకూ ఒక కుదుపే. ఆమె కూర్చుంటే వెనకభాగం దిగి, వణుకు పైకి తెలియనంత మేరకు ఆ వంపులు సరిపోతున్నాయి. పెళ్ళయిన కొత్తలో రెండు వారాలు ఆమెతోనే తిరిగాడు గనక ఈ వణుకు పట్టీలతోనే మొదలైందని ఎవరికీ తట్టలేదు. ఎంత చిన్న లెక్క. ఆమెకు చప్పట్లు కొట్టాలనిపించింది.

"ఏమండీ" అంది.

హరనాథబాబు సీతాఫలం రెండుగా చీల్చి, పెద్ద సగం ఆమె చేతిలో పెట్టాడు. "తిను. తియ్యగా ఉంది."

పట్టీలు తీసేస్తే వణుకు పోతుంది. వణుకు పోతే రేపటి నుంచి మళ్ళీ ఆ రెండు గదులే. రాజ్యం సీతాఫలం తిన్నది. గింజలు ఒక్కొక్కటే రోడ్డు పక్కకు ఊదింది. ఏమీ చెప్పలేదు.

ఆ మరుసటి బుధవారం రాత్రి హరనాథబాబు అడిగాడు, "నీ బరువెంత ఉంటుంది, రాజ్యం?"

తన ఆరోగ్యం గురించి ఆయన అడగడం అదే మొదటిసారి. "నలభై ఆరు కిలోలు. పెళ్ళికి ముందు నలభై నాలుగే" అంది సంబరంగా.

మర్నాడు పొద్దున ఎల్లన్న గుమ్మంలో దిగాడు. భుజాన వడ్ల బస్తా. మిల్లులో సరిగ్గా నలభై ఆరు కిలోలు తూయించి తెచ్చాడు. దాన్ని ఆమె సీట్లో పెట్టి తాడుతో కట్టాడు.

"కంపెనీ ఇన్స్పెక్టరు చూశాట్ట" అన్నాడు హరనాథబాబు చెప్పులు వేసుకుంటూ. "పని మీద తిరిగేవాడు పెళ్ళాన్ని వెంటేసుకుని తిరుగుతున్నాడని నవ్వాట్ట. ఎందుకొచ్చిన మాట. నీకూ ఎండలో తిరిగే బాధ తప్పింది."

కారు మలుపు తిరిగింది. రాజ్యం గుమ్మంలో నిలబడే ఉంది. అరుగు మీద చాటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతున్న గంగమణి తల ఎత్తకుండానే అంది: "ఏం చెల్లె, సవతి వచ్చెనా?"

"అవునక్కా. బరువులో నాకు సరిజోడు."

"ఫికర్ చెయ్యకు. వడ్లే గద, దంచితే పోతది."

రాజ్యం నవ్వింది. లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాక ఆ నవ్వు ఏం చేసుకోవాలో తెలియలేదు. అప్పుడైనా చెప్పేయవచ్చు. చెబితే బస్తా దిగుతుంది గానీ తను ఎక్కదు. చెప్పకపోతే ఏదో ఒకరోజు బస్తా కుదరక తన అవసరం పడవచ్చు. ఇంత చిన్న ఆశను పట్టుకుని నాలుగు రోజులు గడిపింది. మధ్యాహ్నాల్లో గచ్చు మీద వెల్లకిలా పడుకుని, వెళ్ళే బస్సుల్ని చప్పుడును బట్టి గుర్తుపట్టేది.

ఆదివారం కూడా ఆయన పనిమీద వెళ్ళి, మధ్యాహ్నం నడుచుకుంటూ వచ్చాడు. దారిలో బస్తా కుట్టు ఊడి వడ్లన్నీ పోయాయట. ఖాళీ సీటుతోనే వచ్చాడట. ఊరి పొలిమేరలో కింద నుంచి పెద్ద చప్పుడైందట, బండిని ఎల్లన్న షెడ్డుకు నెట్టించాడట. జేబులోంచి రుమాలు తీసి, ఏదో వింత వస్తువు చూపించినట్టు విప్పాడు. నెల కూడా కాని కొత్త క్రాసు. దాని ముళ్ళు నాలుగూ అరిగి, గాట్లు పడి, చుట్టూ ఎర్రటి పొడి.

"ఇంకో పది మైళ్ళు నడిపి ఉంటే షాఫ్టు ఊడి రోడ్డుకు గుచ్చుకునేదట. బండి పల్టీ కొట్టేదట. ఎల్లన్న మొహం చూడాలి నువ్వు" అని నవ్వాడు.

రాజ్యం ఆ పొడిని వేలితో తాకింది. కుంకుమలా అంటుకుంది. కొంగుకు ఎంత తుడిచినా పోలేదు.

"కమానుల్లో వేసిన పట్టీలు తీయించండి" అంది. "వణుకు వాటివల్లే."

షెడ్డులో ఆమె చెబుతుంటే ఎల్లన్న గొంతుకు కూర్చుని విన్నాడు. ఆమె ఎక్కి దిగి, చక్రం మీది సందులో వేళ్ళు పెట్టి చూపించింది. పుల్లతో మట్టిలో షాఫ్టు గీసి రెండు వంపులూ చూపించింది. ఎల్లన్న ఆ వంపుల మీద వేలు పెట్టి చూశాడు.

"నా చేతులతోని నేనే వేస్తిని" అన్నాడు. "ఇరువై ఏండ్ల సంది పానా పడుతున్న. గింత ముచ్చట కండ్లకు ఆనలే."

సాయంత్రానికి పట్టీలు దిగాయి. కొత్త క్రాసు పడింది. హరనాథబాబు ఒక్కడే బోధన్ రోడ్డు మీద పోయి వచ్చాడు. చిన్నపిల్లాడిలా తలుపు మీంచి దూకి దిగాడు.

"యాభై అయిదు దాకా తొక్కాను. నువ్వు లేకపోయినా ఏం కాలేదు రాజ్యం, చుక్క వణుకు లేదు. మా ఆవిడ బి.యస్సీ. ఎల్లన్నా, ఏమనుకున్నావో." ఆమె వైపు తిరిగాడు. "అసలు నీకు ఎప్పుడు తట్టింది?"

'ఇప్పుడే' అని అబద్ధం చెప్పవచ్చు. ఆయన మొహం అంత వెలుగుతూ ఉంది.

"జుక్కల్లో. సీతాఫలాలు కొన్నరోజు."

ఆయన పెదవులు కదిలాయి. రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు. వెలుగు మెల్లగా దిగిపోయింది. ఎల్లన్న లేచి, అక్కర్లేని పానా ఒకటి వెతుక్కుంటూ షెడ్డు వెనక్కి పోయాడు.

ఇంటికి బయల్దేరారు. కారు నీళ్ళ మీద జారినట్టు నడిచింది. గుమ్మం ముందు ఇంజను ఆపి, స్టీరింగు వదలకుండానే అడిగాడు: "ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నన్ను తీసుకెళ్ళరని."

"నేను ఆ బండిలో చచ్చిపోయేవాణ్ణి కదా."

"అంత అవుతుందని తెలియదండీ. తెలిస్తే..." ఆగింది. "పొద్దున ఎనిమిది నుంచి రాత్రిదాకా నేను ఎవరితో మాట్లాడతానో మీరు ఒక్కసారి అడగలేదు. స్టవ్వుతో మాట్లాడుతున్నాను. బరువు కోసమైనా సరే, ఎందుకో ఒకందుకు పక్కన ఉన్నాను కదా అనుకున్నాను."

హరనాథబాబు కారు దిగి లోపలికి వెళ్ళాడు. అన్నం తిన్నాడు, పడుకున్నాడు. సోమవారం ఎనిమిదింటికి కారియరు అందుకుని వెళ్ళి కారు స్టార్టు చేశాడు. రాజ్యం గుమ్మంలోకి రాలేదు. లోపల నిలబడి, చప్పుడు దూరమవడం కోసం చూసింది. చప్పుడు అక్కడే ఉంది. ఎంతసేపటికీ అక్కడే ఉంది.

బయటికి వస్తే ఆయన రోడ్డు వైపే చూస్తున్నాడు.

"కొడప్‌గల్ దాకా రా" అన్నాడు. "ఆ తర్వాత నా పని నేను చేసుకోవాలి. నువ్వు తొమ్మిదిన్నర బస్సుకు తిరిగి వచ్చెయ్యి."

"రేపో?"

"రేపటి సంగతి రేపు."

చీర మార్చుకుంటానని కూడా అనకుండా ఎక్కింది. పొద్దుటి ఎండ పల్చగా ఉంది. ఆమె జొన్నచేల వైపు తిరిగి కూర్చుంది. పిట్లం దాటాక ఆయనే అడిగాడు, గేదె మీద కొంగ అన్నావే, అది ఎక్కడ అని. ఈరోజు కొంగ లేదు. ఇద్దరూ రెండు పక్కలా వెతికారు.

కొడప్‌గల్లో టీ తాగించి, ఆమెను బస్సెక్కించి, బస్సు కదలకముందే హరనాథబాబు జుక్కల్ రోడ్డు పట్టాడు. చెప్పుబండి మలుపులో చిన్నదై, చప్పుడైనా లేకుండా పోయింది. రాజ్యం కిటికీ పక్క సీటు దొరికినందుకు సంతోషించింది. పక్కన ఒక ముసలమ్మ బుట్ట మీద తల పెట్టుకుని అప్పుడే నిద్రపోతోంది. బస్సు వేగం అందుకోగానే కిటికీ చట్రం గలగలమంది. ఇది ఇంజను దగ్గర మొదలైందా, చక్రాల దగ్గరా అని చెవి ఒగ్గి వింది. గేరు మార్చినా పోలేదు. చక్రాలదే అయి ఉండాలి. చెప్పడానికి పక్కకు తిరిగింది. ముసలమ్మ నోరు తెరుచుకుని గాఢంగా నిద్రపోతోంది.

కండక్టరు వచ్చి నిలబడ్డాడు. "యాడికమ్మా?"

"బాన్సువాడ."

"ఎంతమంది?"

"ఒక్కదాన్నే" అంది రాజ్యం.