ఎర్ర గుర్తు

"నొక్కీయే ఝాన్సీ, ముందుకెల్లిపో. అదలాగే వస్తాది."

సాలూరులో నెట్ సెంటర్ పెట్టినప్పటి నుంచీ నా మొగుడు త్రినాథ్ నాకు నేర్పిన చదువు అంతే. పొద్దున్నే షట్టరు తీసి, ఊడ్చి, కంప్యూటర్ ఆన్ చేస్తానా, ఏ సైటు తెరిచినా ఇది భద్రం కాదంటూ ఎర్ర గుర్తుతో హెచ్చరిక. అతను టిఫిన్ చేసి వచ్చేదాకా కౌంటర్ నాది. వచ్చాక కుర్చీ అతనిది, వెనకింట్లో వంట నాది. వచ్చినవాళ్లతో మాత్రం "మా ఆవిడ ఊరికే కూకుంటాది" అంటాడు. ఊరికే కూర్చుని రోజుకు ఇరవై దరఖాస్తులు నింపుతాను.

ఊరికే కూర్చున్నాను కాబట్టే ఒకరోజు ఆ హెచ్చరిక మొత్తం చదివాను. సైటు అసలుదేనని చెప్పే సర్టిఫికెట్ తేదీ కుదరడం లేదంటోంది. మూలన గడియారం చూస్తే, మా కంప్యూటర్ ఇంకా నా పెళ్లికి ముందటి సంవత్సరంలోనే ఉంది! దాని అదృష్టం. లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోయి, స్విచ్ తీసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతోంది. వాచీల కొట్లో బ్యాటరీ కొని నేనే మార్చాను. మర్నాడు హెచ్చరిక లేదు.

"సూశావా, నెట్టు దానంతటదే బాగుపడ్డాది" అన్నాడు త్రినాథ్. నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది.

నిన్న లారీల సూరయ్య మావ కంగారుగా వచ్చాడు. ఇన్సూరెన్స్ ఇవాళే కట్టకపోతే రద్దవుతుందని ఫోనుకు మెసేజ్ వచ్చిందట. కార్డు చేతిలోనే పట్టుకున్నాడు. మెసేజ్‌లోని లింకు మా కంప్యూటర్లో తెరిచాను. మళ్లీ ఎర్ర గుర్తు. తేదీ చూశాను, సరిగ్గానే ఉంది. ఈసారి తేడా పేరులో. సర్టిఫికెట్ ఇంకెవరి పేరు మీదో ఉంది.

అప్పుడే త్రినాథ్ వచ్చాడు. "లే, నాను సూస్తాను. నొక్కీడమే కదా. ఆడోళ్లకి అన్నీ బయాలే."

అలవాటు కొద్దీ లేవబోయాను. మళ్లీ కూర్చున్నాను.

"మావా, బండి మీద ఒక నంబరు, సీ బుక్కులో ఇంకో నంబరు ఉంటే ఆ బండి కొంటావా?"

"నానేటి ఎర్రోడినా?"

"ఇదీ అంతే. కార్డు లోపల పెట్టీ."

ఆయన పాలసీ కాగితం మీదున్న కంపెనీ సైటు పేరు నేనే టైపు చేశాను. హెచ్చరిక రాలేదు. మూడు లారీల పాలసీలూ వచ్చే ఏప్రిల్ దాకా ఉన్నాయి. సూరయ్య మావ కార్డు జేబులో పెట్టుకుని త్రినాథ్ వైపు తిరిగాడు.

"ఒరే, నువ్వయితే నొక్కీసేవోడివి కదరా!"

త్రినాథ్ ఫోను తీసి చూసుకుంటూ బయటికి నడిచాడు. నాకు మాత్రం రోజంతా మనసు హాయిగా ఉంది.

ఇవాళ కూడా టిఫిన్ చేసి వచ్చి, ఎప్పటిలాగే కుర్చీ పక్కన నిలబడ్డాడు. బయట ఎవరో "ఆ అమ్మాయి ఉన్నాదా?" అని అడుగుతున్నారు.

"నాకు పనుంది. కుక్కర్లో పప్పు పెట్టీసి రా" అన్నాను.

లోపలికి వెళ్లాడు. గిన్నెలు చప్పుడయ్యాయి. తర్వాత అక్కణ్నుంచే అరిచాడు.

"ఎన్ని విజిల్సు రావాలే?"