పైడితల్లి ఈగ

ఆవగింజలో సగం ఉండే ఈగకి కడుపు చివర ఏముంటే ఎవడిక్కావాలి అంటారా? కనకకి కావాలి. అక్కడుండే రెండు బుల్లి పలకల మీదే ఆ పిల్ల పరువూ, వాళ్లమ్మ పరువూ ఆధారపడి ఉన్నాయి మరి.

కనకది డుంబ్రిగుడకి ఎగువనున్న కొండ ఊరు. విశాఖపట్నంలో పురుగుల మీద పరిశోధన చేస్తోంది. నిరుడు చలికాలం ఇంటికొచ్చినప్పుడు, తండ్రి భీముడు జీలుగు చెట్టు నుంచి దింపిన కల్లుకుండ చుట్టూ మూగే ఈగల్లో ఒక రకం ఏ పుస్తకంలోనూ లేనిదిగా తోచింది. ఆడవి కొన్ని, మగది ఒకే ఒక్కటి దొరికితే, స్పిరిట్ సీసాలో వేసి పట్నం తీసుకుపోయింది. అప్పటినుంచి ఆ పిల్ల కాపురం ఆ ఈగలతోనే.

ఈ ఏడు సెలవులకి మైక్రోస్కోపు కూడా వెంటబెట్టుకొచ్చి, అరుగు మీద కూర్చుని వర్ణన రాయడం మొదలుపెట్టింది. కొత్త జీవిని వర్ణించడమంటే పెళ్లిచూపులకెళ్లి పకోడీలు తింటూ పిల్లని చూసి రావడం కాదు. తల దగ్గర పట్టుకుంటే తోక దాకా ఒక్క వెంట్రుకని వదలకూడదు. కళ్లు దానిమ్మ గింజ రంగు. మీసం చివరి కణుపు గుండ్రం, దాని మీద పొడుగాటి నూగు. రెక్కల వెనక తూకం నిలుపుకోవడానికి రెండు బుడిపెలు, మీగడ రంగువి. వెనక కాళ్లకి దువ్వెన పళ్లలాంటి ముళ్లు. ఒక్కో వాక్యం కుదురుతుంటే కనకకి కడుపు నిండినట్టుండేది.

పేరు పెట్టే హక్కు తనదే కాబట్టి, తల్లి పైడితల్లి పేరు పెడతానంది. ఇంత బతుకూ బతికి ఇంటెనక చచ్చినట్టు చివరికి ఈగనవ్వాలా అని పైడితల్లి మొదట సణిగింది. మర్నాటికి ఆ సణుగుడు కాస్తా గర్వమైపోయింది. సంతలో ఎండుచేపలమ్మే వరహాలరావు దగ్గర్నుంచి పసుపు కొనేవాళ్ల దాకా, లోకంలో తన పేరుతో ఒక ప్రాణి ఉందని అందరికీ చాటేసింది.

అంతటితో ఊరుకుంటే ఆవిడ పైడితల్లి ఎందుకవుతుంది? వాళ్లది పులి వంశం. పేరు పంచుకున్న జంతువు అన్నదమ్ముల లెక్క. పులిని చంపరు, ఎక్కడైనా పులి చచ్చిందని వింటే తలకి నీళ్లు పోసుకుంటారు. ఇప్పుడీ ఈగ తన పేరిటిది గనక దాన్నీ ఎవరూ చంపకూడదని ఆవిడ ఆంక్ష పెట్టింది. ఆ లెక్కన కల్లులో పడి చచ్చే ప్రతి ఈగకీ స్నానం చెయ్యాలంటే తనకి చలిజ్వరమే గతి అని భీముడు మొత్తుకున్నాడు. చివరికి కుండ మూతికి పల్చటి గుడ్డ కట్టాడు. ఈగలు గుడ్డ మీద వాలి చెమ్మ పీల్చుకుని హాయిగా ఉన్నాయి.

ఇంతలో పిడుగు పడింది. కనక తను గీసిన బొమ్మల్ని గురువు సూర్యనారాయణ గారికి ముందే పోస్టు చేసింది. ఆయన ఏమంటారో కనుక్కుందామని కిందికి దిగి ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేసింది. సింహళంలో ఎప్పుడో దొరికిన ఈగ ఒకటి అచ్చం ఇలాంటిదేననీ, దాని మగదానికి తోక దగ్గర ఎడమ పలక పొడుగనీ ఆయన చెప్పారు. కనక బొమ్మలో కుడి పలక పొడుగు.

"నువ్వు చూసింది వీపు వైపు నుంచా, పొట్ట వైపు నుంచా అమ్మాయ్?" అన్నారు.

బోర్లా పడుకున్నవాణ్ణి వెల్లకిలా తిప్పితే కుడిచెయ్యి ఎటు పోతుంది? ఉన్న ఒక్క మగదాని తోక కనక ఎప్పుడో కోసి, మందులో నానబెట్టి, గాజు బిళ్లల మధ్య శాశ్వతంగా అంటించేసింది. అది నలిగి అద్దంలా పల్చబడింది. ఏది వీపో ఏది పొట్టో ఇప్పుడు బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. అంటించేటప్పుడు ఎటు పెట్టిందో రాసుకోవడం మర్చిపోయింది. ఇంకో మగదాన్ని పట్టి చూడమనీ, లేకపోతే ఇది ఆ పాతదేనని రాసెయ్యాల్సిందేననీ ఆయన తేల్చేశారు. పాతదైతే దానికి పేరెప్పుడో పెట్టేసి ఉంటారు. పైడితల్లి పేరు గాల్లో కలిసినట్టే.

ఇంటికొచ్చి జరిగింది చెప్పి, ఒక్కదాన్ని చంపనివ్వమని తల్లిని బతిమాలింది. పైడితల్లి పొయ్యిలో కట్టె ఎగదోస్తూ తలెత్తలేదు.

"నా పేరెట్టీసి నన్నే సంపుతావేటే?" అంది.

కనకకి ఒళ్లు మండింది. ఈ పేరు నిలబెట్టడానికే కదా తన తిప్పలన్నీ! ఆవిడ చూడకుండా ఒక ఈగని సీసాలో వేసేస్తే అడిగేదెవరు? సీసా తీసింది కూడా. చెయ్యి రాలేదు. అమ్మని మోసం చేసి అమ్మ పేరు పెట్టడం తనకే ఏవగింపుగా తోచింది.

తెల్లారుజామున మంచు దట్టంగా కురుస్తోంది. నీళ్లకని లేచిన కనక కల్లుకుండ వైపు చూసి ఆగిపోయింది. గుడ్డ మీది ఈగలన్నీ చలికి కొయ్యబారిపోయి ఉన్నాయి. చావలేదు, కదలడం లేదంతే. ఓసి నా బుర్రా, చంపకుండానే చూడొచ్చు కదా అనుకుంది.

కుంచెతో ఒక్కొక్కదాన్నీ గాజు బిళ్ల మీదికి తీసి, పొట్ట కిందికి ఉండేలా బోర్లా పెట్టి చూసింది. భీముడు దుప్పటి ముసుగులోంచి టార్చి పట్టాడు. ఆడది, ఆడది, మళ్లీ ఆడదే. ఆ తర్వాత ఒక మగది, తోక కిందికి వంచుకుని. కనక మైక్రోస్కోపు మర తిప్పింది. రెండు పలకలూ తేటగా కనిపించాయి. కుడిదే పొడుగు. బొమ్మ తప్పు కాదు, ఈగ పాతది కాదు.

తల్లిని చెయ్యి పట్టి లాక్కొచ్చి చూపించింది. పైడితల్లి అద్దంలో కన్ను పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత గాజుని అరచేతిలోకి తీసుకుని నోటి ఆవిరి పట్టింది. ఈగ కాళ్లు కదిలించి, రెక్కలు దులుపుకుని ఎగిరిపోయింది.

అప్పుడిక కనక దాచలేకపోయింది. పేరు శాస్త్రం చట్టప్రకారం తగిలేది ఎగిరిపోయినదానికి కాదనీ, నమూనాగా నిరుడు తను చంపినదానికేననీ, అదే ఎల్లకాలం మ్యూజియం బీరువాలో ఉంటుందనీ చెప్పేసింది. ఇప్పుడు లేచి తలకి నీళ్లు పోసుకుంటుందేమోనని తల్లి మొహంలోకి బెదురుగా చూసింది.

పైడితల్లి ఆవిరి పట్టిన గాజుని చీర చెంగుతో తుడిచి కూతురి చేతికిచ్చింది.

"నువ్వు సంపినప్పుడు దానికి పేరు నేదు గదే," అంది. "ఇప్పుడు పేరెట్టినావు. ఇంక ఎవులూ సంపనేరు."