చెయ్యి పెట్టకూడని పాఠం

పదకొండో ముక్కు తుడిచి, ఆ గుడ్డను వేడినీళ్ళ బకెట్లో పడేసి, ఆయమ్మ పన్నెండో ముక్కు వైపు తిరిగింది. అది మహారాణిది. తొమ్మిదేళ్ళ పిల్ల. బడికి వచ్చిన రెండేళ్ళలో ఆ పిల్ల నోటి నుంచి ఇరవై మాటలకు మించి ఎవరూ వినలేదు గానీ, వరండాలో బల్ల మీద కూర్చుని కాలు ముందుకు చాపిందంటే మాత్రం ఆ దారిన పోయేవాళ్ళు ఎంతటివాళ్ళయినా వంగి బూటు తొడగాల్సిందే. కుళాయి బాగుచేయడానికి వచ్చిన మనిషి కూడా ఒకసారి మారుమాట్లాడకుండా తొడిగి వెళ్ళాడు. ఆ పేరు అలా వచ్చింది.

ఎదుగుదల నెమ్మదిగా ఉండే పిల్లల కోసం నడిచే ఆ చిన్న బడిలో ఆయమ్మ ఇరవై ఒక్క ఏళ్ళుగా ఆయాగా ఉంది. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు, నీళ్ళలో నాని నాని తెల్లబడిన వేళ్ళు. తుడవడం, కడగడం, తినిపించడం, తొడగడం, వీటిలో ఆమె చెయ్యి తిరిగిన మనిషి. పిల్లకు తుమ్ము రాబోతోందని పిల్లకంటే ముందు ఆమె చేతికే తెలుస్తుంది. ఇప్పుడు ఆ చెయ్యే ఆమె కొంప ముంచుతోంది.

ఆరేళ్ళ క్రితం బజార్లో మీసాలొచ్చిన కుర్రాడొకడు ఎదురుపడ్డాడు. ఒకప్పుడు ఈ బడి పిల్లవాడే. ఆమెను చూసి ముఖమంతా నవ్వు చేసుకుని, పట్టీ ఊడిన బూటు కాలు ఆమె ముందు చాపాడు. నడిబజార్లో కూర్చుని ఆ పట్టీ పెట్టిందామె. ఇంటికొచ్చి భర్తతో ఒకటే మాట అంది, వాడికి తను నేర్పింది కాలు చాపడమొక్కటేనని. ఆ సిగ్గు ఆమెను చాలాకాలం వదల్లేదు. ఆ ఏడే పదో తరగతి ప్రైవేటుగా కట్టింది. తర్వాత ఇంటర్, ఆ తర్వాత ప్రత్యేక విద్యలో డిప్లొమా. కూతురు, ఆమె ఒకే బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుని చదివారు. అమ్మకు తనకంటే ఎక్కువ మార్కులొస్తే ఇంట్లో పరువు పోతుందని కూతురు గోల పెట్టేది.

రాతపరీక్షలన్నీ గట్టెక్కాయి. చిక్కంతా ప్రాక్టికల్‌తోనే. పరీక్షాధికారి ఎదురుగా ఒక పిల్లచేత ఒక పని చేయించాలి. చెప్పొచ్చు, చూపించొచ్చు, ఎంతసేపైనా ఆగొచ్చు. చెయ్యి మాత్రం పెట్టకూడదు. మొదటిసారి గ్లాసు ఒరిగింది, ఆమె పట్టేసుకుంది. రెండోసారి పిల్లవాడు డబ్బా మూత చక్కగా తీశాడు. కాకపోతే అంతకుముందే ఆమె బొటనవేలు ఆ మూతను వదులు చేసి పెట్టింది. ఎప్పుడు చేసిందో ఆమెకే తెలియదు. “పని పిల్లవాడిది, చేసింది అభ్యర్థి” అని రాసి వెళ్ళిపోయింది పరీక్షాధికారి.

ఈరోజు మూడోసారి, ఇదే ఆఖరిసారి. ఇది కూడా పోతే రాతపరీక్షలతో సహా మళ్ళీ మొదటికి రావాలి. నలభై ఆరేళ్ళ వయసులో ఆ ఓపిక తనకు లేదని ఆమెకు బాగా తెలుసు. దర్జీ పని చేసే భర్త నిన్న ఆమె పనికోటుకు రెండు లోతైన జేబులు కుట్టిచ్చాడు. నీ చేతులకు చెరో గది కట్టాను, పిలిచేదాకా బయటికి రానివ్వకు అన్నాడు. ఆమెకు నవ్వాగలేదు.

పదకొండు గంటలకు పరీక్షాధికారి వచ్చింది. పోయిన రెండుసార్లూ వచ్చినావిడే. పొడుగ్గా, సన్నగా ఉంటుంది. గొలుసు కట్టిన కళ్ళజోడు, నవ్వంటే ఖర్చనుకునే మూతి. వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఆయమ్మ ఎంచుకున్న పాఠం బూట్లు తొడుక్కోవడం. పిల్ల మహారాణి. ఈ సంగతి తెలిసి బడిలోని టీచర్లంతా నోళ్ళు నొక్కుకున్నారు, కొరివితో తల గోక్కోవడమేనన్నారు.

కానీ నాలుగు నెలలుగా ఆయమ్మ ఆ పని వెనక నుంచి నేర్పుకుంటూ వస్తోంది. బూటు తొడగడాన్ని ఏడు మెట్లు చేసింది. మొదటి నెలంతా ఆరు మెట్లు తనే చేసి, చివరి మెట్టు, అంటే పట్టీ నొక్కడం, పిల్లకు వదిలింది. పని పూర్తిచేసిన గొప్ప పిల్లదే అయ్యేది. అది బాగా ఒంటబట్టాక మడమ లాక్కోవడం, ఆ తర్వాత వేళ్ళు దూర్చడం, అలా ఒక్కో మెట్టూ వెనక్కి దిగింది. నిన్నటికి ఏడూ పిల్లవే. ఎదురుగా కొత్తవాళ్ళు కూర్చుంటే ఏమవుతుందో మాత్రం ఎవరికీ తెలియదు.

మహారాణి బల్ల మీద కూర్చుంది. బూట్లు తెచ్చుకుంది. పట్టీ తీసింది. ఎడమ బూటును కుడికాలికి పెట్టుకుంది.

ఆయమ్మకు పైప్రాణం పైనే పోయినంత పనైంది. జేబుల్లో వేళ్ళు అస్తరును పీకుతున్నాయి. బూటు ఎక్కలేదు. పిల్ల ఇంకాస్త తోసింది, ముఖం ఎర్రబడింది. మెల్లగా ఆ కాలు ఆయమ్మ ముందు చాపింది.

“ఇక్కడే ఉన్నాన్రా తల్లీ. నువ్వే చూసుకో” అంది ఆయమ్మ.

మహారాణి ఆమెను కొంచెంసేపు చూసింది. ఇక్కడ పని కాదని తేల్చుకుని, నిదానంగా పక్కకు జరిగి, కాలు పరీక్షాధికారి ముందు చాపింది.

పరీక్షాధికారి కలం ఒళ్ళో పెట్టింది, ముందుకు వంగింది. ఆమె రెండు చేతులూ ఆ చిన్న బూటు దాకా వెళ్ళిపోయాయి.

“మేడమ్, చేతులు తియ్యండి” అంది ఆయమ్మ. “తను చేసుకోగలదు.”

ఆ మాట అన్నది తనేనని ఆమెకు ఒక క్షణం ఆలస్యంగా అర్థమైంది. సర్టిఫికెట్టు గంగలో కలిసిందనుకుంది. పరీక్షాధికారి ఉలిక్కిపడి చేతులు వెనక్కి తీసుకుంది, వాటిని ఏంచేయాలో తోచక ఫైలు కింద దాచుకుంది.

మహారాణి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ముసలమ్మలా ఒక నిట్టూర్పు విడిచింది. తర్వాత బూటు ఊడదీసి, ఎడమకాలు చాపి, వేళ్ళు దూర్చి, నాలుక బయటపెట్టి మడమ లాగి, పట్టీ టప్పున నొక్కింది. రెండోదీ అంతే. అయ్యాక వరండా కొస దాకా నడిచి వెనక్కి వచ్చింది, తనిఖీకి వచ్చిన అధికారిలాగా.

పరీక్షాధికారి చాలాసేపు రాసింది. రాసిన కాగితం ఆయమ్మ ముందు పెట్టి కళ్ళజోడు తీసింది.

“రెండుసార్లు మిమ్మల్ని పరీక్ష తప్పించానండీ. ఇవాళ నేనే తప్పాను, మీరు పాసయ్యారు.”

ఆ తర్వాత బడి బడిలా లేదు. ప్రిన్సిపల్ అందరికీ టీ తెప్పించింది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆయమ్మను టీచరమ్మా అని పిలిచి చూశారు, ఆమె మూడుసార్లు పలకడం మర్చిపోయింది. భర్తకు ఫోన్ చేస్తే ఆయన మొదట అడిగింది కుట్లు ఊడలేదు కదా అని. ఈ సందట్లో పిల్లల్ని మధ్యాహ్నం పడుకోబెట్టిందీ లేపిందీ ఎవరో వేరేవాళ్ళు.

నాలుగింటికి మహారాణి వాళ్ళమ్మ వచ్చింది. ఇంటి పక్క మామూలు బడిలో సీటొచ్చింది, సోమవారం నుంచి అక్కడికే. ఈ సంగతి ఆయమ్మకు వారం క్రితమే తెలుసు. పరీక్ష భయంలో దాన్ని ఎక్కడో తోసేసింది, ఇప్పుడు అది ఎదురుగా వచ్చి నిలబడింది. అక్కడ ఆయాలు ఉండరటండీ, ఎలా నెట్టుకొస్తుందో అని తల్లి దిగులుపడుతుంటే, బాగానే నెట్టుకొస్తుందని ఆయమ్మ ధైర్యం చెప్పింది. ఆ మాట గట్టిగానే చెప్పింది.

వాళ్ళిద్దరూ మాట్లాడుకునేలోపే పిల్ల బూట్లు తొడిగేసుకుని సంచి వీపున వేసుకుంది. రోజూ చెయ్యి పట్టుకుని దిగే మూడు మెట్లూ తనే దిగింది. గేటు దగ్గర ఒక్కసారైనా వెనక్కి చూస్తుందని ఆయమ్మ ఎదురుచూసింది. చూడలేదు. చూడకూడదనే కదా నాలుగు నెలలు కష్టపడిందీ. అయినా ఏడుపొచ్చింది ఆమెకు. సంతోషం కూడా అంతే ఉంది, రెండూ ఒకేసారి వచ్చి ముక్కు కారింది. ఇన్ని ముక్కులు తుడిచిన మనిషి దగ్గర తన ముక్కుకు గుడ్డ లేదు.

వెనక్కి తిరిగితే బల్ల మీద తెల్ల సాక్సు కనిపించింది. ఒకటే ఉంది. నిద్ర లేచాక పిల్ల కాళ్ళకు సాక్సులు రోజూ ఆయమ్మే తొడిగేది, ఆ పని చేస్తున్నట్టు ఏనాడూ గమనించనేలేదు. ఏడు మెట్లలో దాన్ని లెక్కపెట్టనూ లేదు. రెండోది ఎక్కడా కనబడలేదు. అంటే ఒక కాలికి పిల్ల తనే ఎక్కించుకుంది. అది ఎవరూ నేర్పలేదు.

సాక్సు ఇచ్చి వద్దామని గేటు వైపు నాలుగడుగులు వేసి, ఆయమ్మ ఆగిపోయింది. వీధి మలుపులో తల్లీకూతుళ్ళు కనుమరుగయ్యారు. బల్ల మీద ఆ సాక్సు మడమ దగ్గర కాస్త మాసి, ఇంకా చిన్న పాదం ఆకారంలోనే ఉంది.