పుర్రచేతి పాఠం

చేయి తిరిగిన పనివాడికి ఆ చేయే విరిగితే ఎలా ఉంటుందో సెలూన్ మామయ్యను చూసి తెలుసుకోవాలి. వీధి వీధంతా ఆయన్ను అలాగే పిలుస్తుంది. వానకు తడిసిన మెట్టు మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతుక్కుంది, కట్టు విప్పారు. బొటనవేలు మాత్రం అలిగిన అల్లుడిలా బిగుసుకుపోయింది. అది మళ్లీ ఎప్పుడు కత్తి పట్టుకుంటుందో, అసలు పట్టుకుంటుందో లేదో డాక్టరు కూడా తేల్చి చెప్పలేదు.

కుర్చీ దగ్గర ఆయన పనిలోకి బావమరిది వచ్చాడు. ఒకప్పుడు నురగ పూసిన బెలూన్ మీద, అది పగలకుండా కత్తి నడపడం వాడికి నేర్పింది మామయ్యే. ఇప్పుడు గిరాకీలు లోపలికి వస్తూనే వాడికేసి చూస్తున్నారు. ఈయన బెంచీ మీద వాళ్ల పక్కనే కూర్చుని, పేపరు తిరగేస్తూ, "చెవి కింద వదిలేశావు" అని వంకలు పెట్టేవాడు. వాడు పాపం "అలాగే బావా" అని ఊరుకునేవాడు. ఆ మర్యాదే ఈయనకు ఒళ్లు మంట. ఒక్క గదిలోనే ఎడమొహం పెడమొహంగా రోజులు గడిపారు.

అప్పుడు మేనకోడలు రంగంలోకి దిగింది. ఆ పిల్ల మందుల షాపులో పనిచేస్తుంది, సెలవు దొరికితే క్యూబ్ పోటీలకు పరిగెడుతుంది. గళ్ల గళ్ల రంగుల క్యూబ్ ఒకటి తెచ్చి మామయ్య ఒళ్లో పెట్టి, దీన్ని తిప్పుతుంటే వేలికి సత్తువ వస్తుందంది. చిన్నపిల్లల ఆట నాకెందుకని ఆయన మొహం ముడిచాడు. ఆమె కలగాపులగంగా ఉన్న క్యూబ్‌ను చకచకా తిప్పి, ఏ రంగుకా రంగు కుదిర్చి ఆయన ముందు పెట్టింది. ఆ వేళ్ల వేగానికి మామయ్యలోని పనివాడు లేచి కూర్చున్నాడు.

మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక ఇద్దరూ ఎదురెదురుగా చేరేవారు. ముందు తెల్లరంగుతో ప్లస్ గుర్తు, ఆపైన మూలలు, ఆపైన నడిమి వరస. "ఈ పక్కది పైకి, పైది ఇటు తొయ్యి, ఈ పక్కది కిందికి, పైది అటు లాగు" అంటూ ఆమె చేసేది, ఆమె చేతులు చూస్తూ ఈయన చేసేవాడు. మొదట్లో ఒక వరస కుదిరితే ఇంకోటి చెదిరిపోయేది. ఇది నా బుర్రకెక్కే వ్యవహారం కాదని ఒకరోజు చేతులెత్తేశాడు. మర్నాడు మళ్లీ తనే తీశాడు. ఆరు వైపులా రంగులు కుదిరిన రోజున ఆయన సంబరం చెప్పనలవి కాదు. మొహమంతా నురగతో కుర్చీలో ఉన్న గిరాకీకి కూడా చూపించి వచ్చాడు.

ఇక వేగం సంగతి చూద్దామని మేనకోడలు ఫోన్లో టైమర్ పెట్టింది. అన్నాళ్లూ తన క్యూబ్ మీదే కళ్లు పెట్టిన పిల్ల ఆ రోజే ఆయన చేతుల్ని సరిగా చూసింది. చూసి ఆపేసింది.

"మామయ్యా, అన్నీ ఎడం చేత్తో చేస్తున్నావేంటి?"

"నువ్వు చేసినట్టే చేస్తున్నా కదమ్మా."

"నాది కుడి చెయ్యి."

ఇద్దరూ చేతులు పక్కపక్కన పెట్టి చూసుకునేసరికి బండారం బయటపడింది. ముప్పయ్యేళ్లుగా అద్దంలో చూస్తూ పనిచేసిన మనిషి మరి, ఎదుట ఎవరు కూర్చున్నా ఆయన కంటికి అద్దంలో బొమ్మే. ఆమె కుడి చేయి ఈయన ఎడమ చేతికి ఎదురుగా ఉండేది కాబట్టి అది చేసిందల్లా ఎడమ చేయి నేర్చేసుకుంది. కుడి చేయి క్యూబ్‌ను ఆనించుకుని హాయిగా కూర్చుందే తప్ప వేలు కదిపిన పాపాన పోలేదు.

మామయ్య మొహం వాడిపోయింది. ఏ వేలి కోసం ఇదంతా మొదలుపెట్టారో ఆ వేలికి పనే తగల్లేదు. ఇక తన బతుకు ఆ బెంచీ మీదేనని నిజంగానే ఏడుపొచ్చింది. ఎడం చేత్తో చేసినా క్యూబ్ కుదురుతుందని, అందులో తప్పేం లేదని మేనకోడలు సర్దిచెప్పింది.

"అయినా ఇన్నేళ్లయినా నాకే ఎడం చెయ్యి అంత బాగా తిరగదు మామయ్యా. నీకెలా తిరిగిందో చూడు."

ఆయన చూశాడు. ఎడమ చేతిని ఇటూ అటూ తిప్పి, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. తర్వాత లేచి, సొరుగులోంచి బెలూన్ తీసి ఊదాడు.

మొదటిది పగిలి నురగంతా అద్దం మీద చిందింది. రెండోదీ అంతే. బావమరిది అద్దం తుడిచి ఇంకోటి ఊది ఇచ్చాడు. వారాల తరబడి ఇదే తంతు. చికాకు పుడితే మామయ్య క్యూబ్ అందుకుని, చేయి దారికొచ్చేదాకా తిప్పి, మళ్లీ కత్తి పట్టేవాడు. చివరికి ఒక బెలూన్ నున్నగా, చెక్కుచెదరకుండా మిగిలింది. దాన్ని పట్టుకుని ఇక ఏం చేయాలో తోచక నిలబడ్డాడు. బెలూన్‌కేం, దానికి నెత్తురు రాదు. తన పుర్రచేతికి గొంతు అప్పగించేదెవరు?

బావమరిది తువ్వాలు దులిపి మెడకు చుట్టుకుని, కుర్చీలో తనే కూర్చున్నాడు.

"గడ్డం మాసింది బావా. నువ్వే చెయ్యి."

ఇన్నాళ్లూ వాడి మీద పెంచుకున్న కోపం గుర్తొచ్చి మామయ్యకు సిగ్గేసింది. నురగ పూసి, ఎన్నడూ నిలబడని వైపుకు వెళ్లి నిలబడ్డాడు. వాడు తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు. కత్తి చెంప మీదుగా, దవడ మీదుగా, గొంతు మీదుగా నెమ్మదిగా నడిచింది. ఎక్కడా నెత్తుటి చుక్క లేదు.

పనయ్యాక బావమరిది అద్దంలోకి వంగి, మొహం అటూ ఇటూ తిప్పి తడుముకుని చూసుకున్నాడు.

"చెవి కింద వదిలేశావు బావా."

"అలాగే," అన్నాడు మామయ్య, ఎడమ చేత్తో మళ్లీ నురగ అందుకుంటూ.